గట్టెక్కిన తెరచాప

చెరువులో వల తీయడం అయిపోయాక జాలరి చేసే ఆఖరి పని ఎప్పుడైనా చూశారా? పుట్టిని ఒడ్డుకు ఈడ్చి, అందులోని నీళ్లు ఒంపి, ఒక్క ఊపున నెత్తి మీద బోర్లించుకొని కట్ట ఎక్కుతాడు. దూరం నుంచి చూస్తే పెద్ద తాబేలొకటి రెండు కాళ్ల మీద నడిచిపోతున్నట్టు ఉంటుంది. పొద్దంతా పుట్టి మనిషిని మోసింది, ఇప్పుడు మనిషి పుట్టిని మోస్తున్నాడు. ప్రపంచంలో ‘ట్రైలర్ సెయిలర్’ అని పేరుపడ్డ చిన్న తెరచాప పడవ పుట్టుకంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది.

బీర్పూర్ నుంచి చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి, ఒక దిక్కున రోళ్లవాగు ప్రాజెక్టు, ఉత్తరాన గంగ. మా దిక్కు పెద్దవాళ్లు గోదావరిని గంగ అనే అంటారు. గంగకు ఇవతల కమ్మునూర్, అవతల కలమడుగు, నడుమ వంతెన. దిగువకు పోతే ధర్మపురి, ఇంకా దిగువన 20 టీఎంసీల ఎల్లంపల్లి. సిరిసిల్ల వైపు మళ్లితే 27 టీఎంసీల మిడ్ మానేరు, కరీంనగర్ అంచున 24 టీఎంసీల లోయర్ మానేరు. నీళ్లకు కొదవ లేదు. కానీ ఒక నీటి నుంచి ఇంకో నీటికి పడవ దారి లేదు. కోస్తాలో డెల్టా కాలువలు, బకింగ్‌హామ్ కాలువ పడవ దారులుగా ఉండేవి. సరుకు పడవలు గాలి ఉంటే తెరచాప ఎత్తి, లేకుంటే గట్టున మనుషులు తాడు పట్టి లాగగా ఊరూరూ తిరిగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. మత్తడి దూకి నీళ్లు కింది చెరువుకు పోతాయి, పడవ పోలేదు. అందుకే తెరచాప పడవల్లో మన నేలకు సరిపోయేది ఏదంటే, ఒకే నీటికి కట్టుబడి ఉండని పడవే అంటాను. రోడ్డు మీద వచ్చి నీళ్లలో దిగి, పని కాగానే మళ్లీ రోడ్డెక్కేది.

అట్లాంటి పడవను చేయడం ఎందుకు కష్టమైందో తెలియాలంటే పతంగిని తలుచుకోవాలి. సంక్రాంతికి ఎగరేసిన పతంగి గాలిలో నిలబడేది మాంజా పట్టి ఉంచబట్టే. దారం తెగిందా, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. తెరచాప పడవ కూడా పతంగే. గాలి వెనక నుంచి వీస్తే చిక్కేమీ లేదు, చీర కట్టినా సాగుతుంది. గాలి పక్కనుంచి వీచినప్పుడు మాత్రం పడవను పక్కకు నెట్టేస్తుంది. ఆ పక్కజారుడును ఆపడానికి అడుగున నీళ్లను కోసుకుంటూ ఒక పలక నిలబడాలి. గాలి ఒకవైపు తోస్తుంది, పలక దానికి ఎదురు నిలుస్తుంది. రెండు వేళ్ల నడుమ తడి చింతగింజను నొక్కితే ముందుకు చిమ్మినట్టు, ఆ రెండు ఒత్తిళ్ల నడుమ పడవ ముందుకు దూకుతుంది. పలకే పడవకు మాంజా.

పలక ఉంటే ఎదురుగాలిలోనూ పోవచ్చు. సూటిగా కాదు, గాలికి సుమారు 45 డిగ్రీల వాలున కొంత కుడికి, కొంత ఎడమకు. నిటారు గుట్ట మీదికి బాట మెలికలు తిరుగుతూ ఎక్కినట్టన్నమాట. మా దగ్గర గంగ దాదాపు తూర్పుకు పారుతుంది, వానకాలం గాలి పడమటి నుంచి వీస్తుంది. కాబట్టి దిగువకు పోవడానికి గాలీ ప్రవాహమూ రెండూ తోడొస్తాయి. ఇల్లు చేరేటప్పుడు రెండూ ఎదురే. తిరుగుదారికి పలక లేనిదే గతి లేదు.

చిక్కు ఏమిటంటే, ఆ పలక లోతుగా ఉంటేనే పని చేస్తుంది. సముద్రపు పడవలకు అడుగున ఇనుమో సీసమో పోసిన లోతైన పలక, ‘కీల్’, బిగించి ఉంటుంది. అది ఒరగనివ్వదు, పక్కకు జారనివ్వదు. అట్లాంటి పడవ గంగలో మొదటి ఇసుకమేటకే కూలబడుతుంది. దాన్ని బండి మీదికి ఎక్కించడమూ కాదు. లోతు కావాలి, లోతు ఉండకూడదు. రెండూ ఒకే పడవకు కావాలి.

దీనికి జవాబు పాతదే, చాలా చోట్ల విడివిడిగా దొరికింది. కోరమండల్ తీరపు తెప్పల్లో కొన్నింటికి పక్కన నీళ్లలోకి దించి, ఒడ్డుకు రాగానే పైకి తీసే పలక ఉండేది. దక్షిణ అమెరికా పడమటి తీరపు బల్సా తెప్పల దుంగల సందుల్లో గువారా అనే పలకలు దించేవారు. డచ్చివాళ్లు తమ తక్కువ లోతు నీళ్ల కోసం పడవకు రెండు పక్కలా రెక్కల్లాంటి పలకలు తగిలించారు. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన జాన్ షాంక్ 1774లో బోస్టన్‌లో ఒక పడవ కట్టి, దాని నడుమ పైకీ కిందికీ జరిగే కీల్ పెట్టాడు. అదే పద్ధతిలో 1798లో తయారైన లేడీ నెల్సన్ అనే చిన్న ఓడ 1800లో ఆస్ట్రేలియాకు పోయి, బాస్ జలసంధిని పడమటి నుంచి తూర్పుకు దాటింది. తీరం పక్కన లోతు తెలియని నీళ్లలో తిరగడానికే దాన్ని పంపారు. 1811లో న్యూజెర్సీకి చెందిన స్వైన్ సోదరులు ఇంకో అడుగు వేశారు. పలకను ఒక మేకు మీద తిరిగేలా బిగించి పేటెంటు తీసుకున్నారు. నాకు ఈ అడుగే అన్నింటికన్నా గొప్పదనిపిస్తుంది. నిటారుగా జారే పలక ఇసుకకు తగిలితే విరుగుతుంది, లేదా పడవనే నిలేస్తుంది. మేకు మీద తిరిగే పలక మాత్రం మడతకత్తిలా తనంతట తాను వెనక్కి లేస్తుంది, పైగా గరగరమని చప్పుడు చేసి లోతు తగ్గిందని చెబుతుంది. తెడ్డుతో లోతు చూసుకునే పని కూడా అదే చేస్తుంది.

పడవను నేల మీద మోసుకుపోయే ఆలోచన వేరే దారిలో వచ్చింది. 1865లో జాన్ మాక్‌గ్రెగర్ అనే స్కాట్లాండ్ వంశపు వకీలు రాబ్ రాయ్ అనే చిన్న పడవ చేయించుకున్నాడు. తెడ్డుతో నడిచేదే గానీ చిన్న తెరచాప కూడా ఉంది. దానిలో ఐరోపా నదులూ సరస్సులూ తిరిగాడు. ఒక నది అయిపోగానే పడవను రైలెక్కించేవాడు, రైలు లేని చోట ఎడ్లబండి ఎక్కించేవాడు, తర్వాతి నదిలో దింపేవాడు. ఆ యాత్ర గురించి మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం చదివి ఎంతోమంది పడవలు కట్టుకున్నారు. విడివిడి నీళ్లను నేల మీది దారితో కలపడంలోని రుచి జనానికి అప్పుడే తెలిసింది.

తర్వాతి మలుపు రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. చెక్క విమానాల కోసం నీళ్లకు విడిపోని జిగుళ్లు తయారయ్యాయి, దాంతో మంచి ప్లైవుడ్ వచ్చింది. అంతవరకు పడవ కట్టడమంటే వంచిన పలకలూ పక్కటెముకలూ వడ్రంగి చేతివాటమూ. ఇప్పుడు రేకుల్లాంటి చెక్కను కోసి అతికిస్తే చాలు. 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ఆప్టిమిస్ట్‌ను గీశాడు. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు. 1962లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బారీ బక్నెల్ ‘మిర్రర్’ పడవను రూపొందించారు. విడిభాగాల పెట్టె కొనుక్కొని, చెక్క రేకుల అంచులకు రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి, కుట్టు మీద రెసిన్ పట్టీ వేసి ఎవరింట్లో వాళ్లు కట్టుకోవచ్చు. మోదుగాకులను పుల్లలతో కుట్టి ఇస్తారి చేసినట్టే. మన కోస్తాలోని మసూలా పడవలూ కుట్టినవే. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టడం వల్ల అలల పోటుకు పగలకుండా వంగేవి. వాళ్లు మేకులు లేక కుట్టలేదు, కుట్టుకున్న గుణం తెలిసి కుట్టారు. మిర్రర్‌లు 70 వేలకు పైగా తయారయ్యాయి.

ఇవి పొద్దున దిగి సాయంత్రం ఒడ్డెక్కే పడవలు. రాత్రుళ్లు గడిపే పడవ కావాలంటే తల దాచుకునే చోటుండాలి. న్యూజిలాండ్‌లో రిచర్డ్ హార్ట్‌లీ 1950ల్లో గీసిన 16 అడుగుల ప్లైవుడ్ పడవకు ఇద్దరు పడుకునేంత చిన్న గది పెట్టాడు, పైకి లేచే పలక పెట్టాడు, కారు వెనక లాక్కుపోయే కొలతలో ఉంచాడు. ట్రైలర్ సెయిలర్ అన్న పేరు స్థిరపడింది ఇలాంటి పడవలతోనే.

అదే కాలంలో బ్రిటన్‌లో ఇయన్ ప్రాక్టర్ 1957లో వేఫేరర్‌ను గీశాడు. 4.82 మీటర్లు, 169 కిలోలు. గది లేదు, రాత్రికి పైన గుడారం కట్టుకోవాలి. పలక పైకి లాగితే 20 సెంటీమీటర్ల నీళ్లు చాలు, దింపితే 1.17 మీటర్ల లోతుకు పోతుంది. ఎండాకాలపు వాగులో పిల్లలు మోకాలి దాకా దిగి ఆడే నీళ్లలో కూడా తేలుతుందన్నమాట. అట్లాంటి పడవలో ఫ్రాంక్ డై అనే ఆయన 1963లో ఒక తోడుతో స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్‌కు పోయాడు. మరుసటి ఏడాది నార్వేకు పోతుంటే తుఫాను పట్టుకుంది. పడవ బోల్తా కొట్టింది, తెరచాప కొయ్య విరిగింది, అయినా ఇద్దరూ తేలారు, నార్వే చేరారు. అలాంటి వేళ ఆయన పద్ధతి వినదగ్గది. తెరచాప కొయ్యను కిందికి వాల్చేసేవాడు, ముక్కు నుంచి తాడుకు గుడ్డ సంచి కట్టి నీళ్లలో వదిలేవాడు. సంచి నీళ్లను పట్టి ఈడుస్తుంటే పడవ ముక్కు అలలకు ఎదురుగా నిలిచేది. కొయ్యను వాల్చే మడతబందు అసలు వంతెనల కింద దూరడానికీ బండి మీద పెట్టడానికీ ఉపయోగపడేది, నడి సముద్రంలో ప్రాణం కాపాడింది. ఆ పడవ ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఫాల్మత్ మ్యూజియంలో ఉంది.

1960ల నాటికి అచ్చులో పోసే ఫైబర్‌గ్లాస్ వచ్చింది, పడమటి దేశాల్లో చాలా ఇళ్లకు కారు వచ్చింది. 1969లో అమెరికాలో ఫ్రాంక్ బట్లర్ తెచ్చిన కాటలీనా 22 పదిహేను వేలకు పైగా అమ్ముడుపోయింది. దాని పలక ఇనుపది, 250 కిలోల బరువు, పళ్ల చక్రపు మరతో తిప్పి ఎత్తాలి. దింపితే 5 అడుగులు, ఎత్తితే 2 అడుగులు. బరువు కిందికి పోయినకొద్దీ పడవ ఒరగదు, కానీ ఆ బరువంతా రోడ్డు మీద కారే లాగాలి. దీనికి రోజర్ మాక్‌గ్రెగర్ చెప్పిన జవాబు నాకు ఎంత తలుచుకున్నా ముచ్చటేస్తుంది. ఇనుమెందుకు, నీళ్లే ఉన్నాయి కదా! ఆయన 26 అడుగుల పడవ అడుగున ఖాళీ తొట్టి ఉంటుంది. పడవ దిగగానే తూము తెరిస్తే 540 కిలోల నీళ్లు నిండుతాయి, మూసేయాలి. పడవ ఒరిగినప్పుడు ఆ నీళ్ల బరువు తిరిగి నిలబెట్టే వైపు లాగుతుంది.

మన దగ్గర తెరచాపలు కనబడేది హుస్సేన్ సాగర్‌లో. సైన్యపు ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ అక్కడ పాతవి. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలను ఆప్టిమిస్ట్‌లు ఎక్కించింది. ఆ క్లబ్బులో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో ‘470’ అనే రకం పడవ నడిపింది. ఇవన్నీ పందెపు పడవలు, యాత్ర పడవలు కావు. అయినా సముద్రం లేని నేల మీది పిల్లలకు గాలి భాష రాదన్న మాటను ఆ పిల్లలు చెరిపేశారు. నాకు అదే చాలా పెద్ద సంగతి.

ఇక ఇట్లాంటి పడవ మా ఊరికి వస్తే? బండి వెనక్కి తోలే నేర్పు మనకు ఉంది. వినాయక నిమజ్జనం నాడు ట్రాక్టర్ ట్రాలీని నీళ్ల అంచుదాకా వెనక్కి తెచ్చి ఆపే డ్రైవర్లు ఊరికి నలుగురుంటారు. తెలుసుకోవాల్సినవి రెండు. ఒకటి బేరింగులు. ఇరవై కిలోమీటర్లు ఉరికిన చక్రం వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకొని నీళ్లను పీలుస్తుంది, గ్రీజు పాడై బేరింగు పోతుంది. కాసేపు చెట్టు కింద ఆగి దింపాలి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. కొయ్య అల్యూమినియంది, ఇరవై పాతిక అడుగుల ఎత్తు. మన కాలువ గట్లన్నీ, పొలాలన్నీ మోటార్ల కరెంటు తీగలు. విదేశాల్లోనూ కొయ్య తీగకు తగిలి మనుషులు పోయారు. ఆ తర్వాతే హోబీ అనే కంపెనీ తన పడవలకు కొయ్య పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో చేసింది. నీళ్లు చూసే ముందు ఆకాశం చూడాలి, తీగ లేదని తేలాకే కొయ్య ఎత్తాలి. లైఫ్ జాకెట్టు ఈతగానికైనా తప్పదు. ప్రాజెక్టు గేట్ల దిక్కు పోనే కూడదు.

ఎల్లంపల్లి వెనుక నిలిచిన నీళ్ల మీద పొద్దు వాలుతున్నప్పుడు ఆ పడవను ఒడ్డుకు తెస్తే ఎట్లుంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. పలక గరగరమంటుంది, తాడు లాగి పైకెత్తుతాం. చుక్కాని లేపి, తెరచాప చుట్టి, నడుము లోతు నీళ్లలో దిగి పడవను ట్రాలీ మీదికి నడిపిస్తాం. ట్రాక్టర్ మెల్లగా గట్టెక్కుతుంది. అడుగున తూము తెరవగానే పొద్దంతా పడవను నిలబెట్టిన అర టన్ను నీళ్లు సన్నటి వాగై, టైర్ల జాడల వెంట మళ్లీ గంగలోకి పోతాయి.