పండగ పూట దిగులెందుకు?

సంక్రాంతి సెలవుల నోటీసు బోర్డు మీద పడిందంటే చాలు, హాస్టల్లో సంచులు సర్దే హడావుడి మొదలవుతుంది. రైల్లో సీటు దొరకలేదని ఒకడూ, బస్సు ఛార్జీలు పెంచేశారని ఇంకొకడూ గోల. ఇంత సందడిలోనూ గోడవైపు తిరిగి పడుకునే మిత్రుడొకడుంటాడు. అడిగితే "ఏం లేదురా, తలనొప్పి" అంటాడు. ఆ తలనొప్పి గురించే ఈ నాలుగు మాటలు.

శీతాకాలంలో వెలుతురు తగ్గి కొందరికి ఏటా కుంగుబాటు వస్తుందని 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం వివరించింది. కాని మన హైదరాబాదులో అన్నిటికన్నా చిన్న పగలు కూడా 11 గంటలకు తగ్గదు. కనుక మనవాడి దిగులుకు సూర్యభగవానుణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

అసలు చిక్కు, పండగనాడు నవ్వుతూ ఉండి తీరాలన్న నియమంలో ఉంది. మామూలు రోజున ముభావంగా ఉంటే ఎవరికీ పట్టదు. భోగిమంట దగ్గర అలా ఉంటే పదిమందీ చూస్తారు. ఉన్న దిగులుకి, దిగులుపడ్డామన్న సిగ్గు తోడవుతుంది. ఆపైన చుట్టాల ప్రశ్నలు. సబ్జెక్టులు మిగిలిపోయినవాడికి అరిసె గొంతు దిగుతుందా?

మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు మనవాళ్ళు పండగ చేయరు. అదంతా చాదస్తమనుకునేవాణ్ణి. మా నాన్నగారు పోయిన ఏడు మా ఇంట మూకుడు పొయ్యి ఎక్కలేదు. ఇరుగుపొరుగువాళ్ళే అరిసెలు తెచ్చిచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళారు. మమ్మల్ని నవ్వమని ఎవరూ అడగలేదు. కష్టమంతా మరుసటి ఏడు వచ్చింది. "ఏడాది దాటిందిగా, ఇంక మామూలుగా ఉండండి" అన్నారు. సున్నుండలు చుడుతూ చుడుతూ అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు, అదే సరిపోయింది.

సెలవుల్లో మనం స్వయంగా చేసుకునే చేటు కూడా కొంత ఉంది. రెండింటిదాకా ఫోను, పదింటికి లేవడం. నిద్రవేళ తప్పితే మనసూ కుదురు తప్పుతుంది. రోజూ ఒకే వేళకు లేచి, పొద్దుటి ఎండలో అరగంట నడిస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. మందు పుచ్చుకుంటే దిగులు పోతుందనేది ఒట్టి మాట. మత్తు దిగాక అది రెట్టింపవుతుంది.

దిగులు రెండు వారాలు దాటినా, తిండీ నిద్రా చెడినా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళవలసిందే. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. "అలాంటి ఆలోచన వస్తోందా?" అని మిత్రుణ్ణి సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు.

కిందటి సంక్రాంతికి మా గదిలోవాణ్ణి అలాగే అడిగాను. చాలాసేపు పలకలేదు. రెండు సబ్జెక్టులు పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదట. ఆ రాత్రి బస్సు వదిలేసి, తెల్లారి ఇద్దరం కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాం. వాళ్ళ నాన్నగారితో ముందు నేనే చెప్పాను.