బంతికి అడ్డుగోడలు

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. పతకం మ్యాచ్‌లో మనవాళ్లు 1-0తో ఓడించింది ఎవరినో తెలుసా? రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జపాన్‌ను! అలాంటి జట్టుకు ఒక్క గోలూ దక్కనివ్వలేదంటే సగం ఘనత వెనక వరుసదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత పతకమే రాలేదు.

నయీమ్ కలకత్తా క్లబ్బులకు వెళ్లింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నుంచి. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన జట్టది. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పెట్టే పోటీలే వేరు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం: బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటంలేని కాలితోనే తన్నాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. డిఫెండర్‌కు ఇంతకన్నా మంచి చదువు ఉంటుందా? ప్రత్యర్థి మీదికి వస్తుంటే కాలు మార్చుకునే వ్యవధి ఎక్కడిది!

ఇదే పోలీస్ జట్టు ఫుల్‌బ్యాక్ అజీజుద్దీన్‌ను మనం దాదాపు మరిచిపోయాం. అది అన్యాయం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన జట్టులో ఆయన ఉన్నారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టులోనూ ఉన్నారు.

ఖమ్మం, భద్రాచలం పాఠకులకు ఒక విశేషం. సిటీ పోలీస్ తొలి రోవర్స్ కప్ గెలిచిన 1950లో ఖమ్మం హైదరాబాద్ రాష్ట్రంలో, భద్రాచలం మద్రాసు రాష్ట్రపు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేవి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంటే 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచేనాటికి గోదావరికి రెండువైపులా ఒకే జట్టు, ఒకే సంబరం.

నయీమ్‌కు 1970లోనే అర్జున అవార్డు దక్కింది. కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అందుకున్నారు, ఫుట్‌బాల్‌లో ఆ గౌరవం పొందిన తొలి కోచ్ ఆయనే. అదే ఏడాది ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఎగరేసుకుపోయింది. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ ఆయన పాఠాలు చెప్పారు.