కంప్యూటరులో పన్ను లెక్క - రైతు సంఘములు తెలిసికొనవలసిన విషయములు



తాను పండించిన పంటను అమ్ముకొను రైతుకు జి.ఎస్.టి. నమోదు అక్కర లేదు. స్వయముగా గాని, కుటుంబము వారితో గాని, తన పర్యవేక్షణలో కూలివారితో గాని సేద్యము చేయు వ్యక్తికి చట్టమే ఈ మినహాయింపు నిచ్చినది. కాని రైతులు కలిసి సంఘముగా ఏర్పడి, ఎరువులు తెచ్చి అమ్మి, సభ్యుల మిరపను, పసుపును కొని బయటి వ్యాపారులకు అమ్మునపుడు ఆ సంఘము చట్టము దృష్టిలో రైతు కాదు, వర్తకుడు. ఉత్పత్తిదారుల కంపెనీ యైనను, సహకార సంఘమైనను ఇదే నియమము. ఈ భేదము తెలియనందువలన చక్కగా నడచు సంఘములు కూడ చిక్కులలో పడవచ్చును.

1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము అమలులో నున్న రోజులలో వర్తకుడు లెక్కను కాగితముపై వ్రాసి పన్నుల కార్యాలయములో ఇచ్చి వచ్చెడివాడు. 2005 ఏప్రిల్ 1న వాట్, 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చినవి. జి.ఎస్.టి.లో కాగితపు రిటర్నుకు తావు లేదు. పెద్ద కంపెనీ యైనను, పల్లెలోని చిన్న సంఘమైనను జి.ఎస్.టి. పోర్టల్ ద్వారానే లెక్క పంపవలెను.

నమోదు ఎవరికి అవసరము?

సరుకులు మాత్రమే అమ్మువారికి ఏడాది టర్నోవరు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు దాటిన యెడల నమోదు తప్పనిసరి. పన్ను లేని సరుకు అమ్మకమును కూడ ఈ మొత్తములో కలుపవలెనని గుర్తుంచుకొనుడు. ఉదాహరణకు, ఒక సంఘము 35 లక్షల రూపాయల వడ్లు, 8 లక్షల రూపాయల ఎరువులు అమ్మినదనుకొందము. వడ్లపై పన్ను లేదు, ఎరువులపై 5 శాతము కలదు. "మన పన్ను సరుకు 8 లక్షలే గదా" యని ఊరకుండిన పొరపాటగును. మొత్తము 43 లక్షలు. రెండు రాష్ట్రములలోను హద్దు దాటినట్లే.

పూర్తిగా పన్ను లేని సరుకులనే అమ్ము సంఘమునకు నమోదు అక్కర లేదు. పన్ను గల సరుకును వేరొక రాష్ట్రమునకు అమ్మినచో మాత్రము ఈ హద్దు వర్తించదు, నమోదు చేయించుకొనియే అమ్మవలెను. నమోదైన సంఘము రైతు వద్ద పత్తి కొన్నచో ఆ పత్తిపై 5 శాతము పన్నును సంఘమే కట్టవలెను. ఈ నియమము 2017 నవంబరు 15 నుండి అమలులో నున్నది.

గడువులు

నెలనెల లెక్క పంపువారు అమ్మకపు బిల్లుల వివరములను జి.ఎస్.టి.ఆర్.-1 పత్రములో మరుసటి నెల 11వ తేదీలోగాను, పన్ను మొత్తమును 3బి పత్రములో 20వ తేదీలోగాను పంపవలెను. టర్నోవరు 5 కోట్ల లోపు గలవారు మూడు నెలల కొకసారి పంపుకొను పద్ధతిని కోరుకొనవచ్చును. అట్టివారికి మన రెండు రాష్ట్రములలో 13, 22 తేదీలు గడువు. అయితే మొదటి రెండు నెలల పన్నును మాత్రము ఏ నెలకా నెల, మరుసటి నెల 25వ తేదీలోగా కట్టుచుండవలెను.

ఎరువులు అమ్ము సంఘమునకు ఎండకాలములో వ్యాపారము లేకపోవచ్చును. అమ్మకము లేదని రిటర్ను మానరాదు, సున్నా లెక్క అయినను పంపవలెను. ఇందుకు కంప్యూటరు కూడ అక్కర లేదు. నమోదైన ఫోను నుండి 14409 నంబరునకు సందేశము పంపి, తిరిగి వచ్చిన సంకేతముతో ధ్రువపరచిన చాలును.

ఆలస్యమైనచో నష్టము

సున్నా రిటర్నుకు రోజుకు 20 రూపాయలు, మిగిలినవారికి రోజుకు 50 రూపాయలు ఆలస్య రుసుము. కట్టని పన్నుపై ఏడాదికి 18 శాతము వడ్డీ. ఇంతకంటె పెద్ద నష్టము వ్యాపారమునకు కలుగును. మీరు బిల్లును జి.ఎస్.టి.ఆర్.-1లో చూపిననే గాని, మీ మిరప కొన్న వ్యాపారికి తాను చెల్లించిన పన్ను జమ కాదు. 2022 జనవరి 1 నుండి చట్టములో ఈ నిబంధన చేరినది. ఒకసారి నష్టపోయిన వ్యాపారి మరల మీ గుమ్మము త్రొక్కునా? వరుసగా రెండు గడువుల 3బి రిటర్నులు పంపనివారికి ఇ-వే బిల్లు పుట్టదు. 50 వేల రూపాయలకు మించిన పన్ను సరుకును లారీకెత్తిన తరువాత బిల్లు లేదని తెలిసిన, బస్తాలు కదలవు, బాడుగ మాత్రము పెరుగును.

తాళపుచెవి ఎవరి వద్ద?

ఈ నిర్బంధము చిన్న సంఘములకు భారమనుట నిజమే. ఊరిలో ఇంటర్నెట్ సరిగా ఉండదు, లెక్క తెలిసిన మనిషికి రుసుము ఇచ్చుకొనవలెను. కావున పని వేరొకరికి అప్పగించుట తప్పు కాదు. పోర్టల్ పాస్‌వర్డును, ఓటీపీ వచ్చు ఫోను నంబరును కూడ వారిదే పెట్టించుట తప్పు. ఆయన ఊరు మారినచో మీ లెక్క మీకే అందదు. కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటించుడు.

1. పోర్టల్‌లో సంఘము వారి ఫోను నంబరు, ఇ-మెయిలు మాత్రమే ఉండవలెను.

2. అమ్మిన రోజుననే బిల్లు వ్రాసి, కొన్నవారి జి.ఎస్.టి. నంబరు సరిచూడవలెను.

3. కంపెనీగా ఏర్పడిన సంఘములు డిజిటల్ సంతకముతో రిటర్ను పంపవలసి యుండును. దాని గడువు తీరకముందే క్రొత్తది తీసికొనవలెను.

4. చివరి రోజు వరకు ఆగరాదు. ఇంటర్నెట్ లేనిచోట లెక్కను ముందుగా కంప్యూటరులో సిద్ధపరచుకొని, తరువాత పోర్టల్‌కు ఎక్కించుకొను సదుపాయము కలదు.

5. ప్రతి పాలకవర్గ సమావేశములో రిటర్ను పంపినట్లు వచ్చిన రసీదును అందరికి చూపి, మినిట్సులో వ్రాయించవలెను.

యంత్రము మనము వ్రాసిన లెక్కనే మోసికొని పోవును గాని, వ్రాయని లెక్కను పుట్టించదు. పొలములో విత్తనమునకు అదను ఎట్టిదో, సంఘమునకు గడువు తేదీ అట్టిది. బిల్లు పుస్తకమును, పాస్‌వర్డును తన చేతిలో నుంచుకొను సంఘము తన సభ్యుల సొమ్మును కాపాడుకొనగలదు.