సీసాకు తెలియని సంగతి

వూళ్లో నీళ్లు చెడిపోయాయని అర్జీ పెడితే, పెట్టగా పెట్టగా, వొక రోజు జీపు వస్తుంది. దిగిన మనిషి రెండు సీసాలు ముంచి, చీటీ అంటించి, డబ్బాలో పెట్టుకుని పోతాడు. కొన్నాళ్లకు కాగితం వస్తుంది. నీళ్లు పరిమితి లోపలే వున్నాయని అందులో వుంటుంది. ఫ్యాక్టరీవాళ్లు తూము వదిలేది రాత్రి పూట, జీపు వచ్చేది పగటి పూట. యిది వాగు పక్కన బతికే వాళ్లందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? కాగితం ముందు వాళ్ల మాట నిలవదు. సీసాలో వున్నవి ఆ క్షణం నాటి నీళ్లు. నిన్న రాత్రి ఏం పారిందో సీసాకు తెలియదు.

నిన్నటి సంగతీ పోయిన పక్షం సంగతీ చెప్పగల సాక్షులు నీళ్లలోనే కాపురముంటారు. వాళ్ల సాక్ష్యాన్ని లెక్కగట్టి చూపిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి రూత్ పాట్రిక్ (1907-2013). అమెరికా దేశపు మంచినీటి జీవావరణ శాస్త్రవేత్త. మన విద్యార్థులకు ఆమె పేరు పాఠాల్లో పెద్దగా తగలదు గనక కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఆమె చదువంతా డయాటములతో మొదలయింది. వాగులో రాయి మీద కాలు పెడితే జారుతుంది గదా, ఆ జిగురులో వుండే వొంటికణపు నాచుజీవులు యివి. సిలికాతో చేసుకున్న పెంకు వొకటి వుంటుంది, డబ్బీకి మూత పెట్టినట్టు రెండు ముక్కలుగా. జీవి చచ్చినా పెంకు మిగులుతుంది. వేల రకాలున్నాయి. కొన్నింటికి తేట నీళ్లే పడతాయి, కొన్నింటికి ఉప్పు, కొన్నింటికి మురికి. ఏడేళ్ల వయసులో తండ్రి ఆమెకు మైక్రోస్కోపు కొనిచ్చాడు. (మేము డిగ్రీ చదివిన కాలేజీలో పనిచేసే మైక్రోస్కోపు వొకటే. చుట్టూ యిరవై మందిమి. మా వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్లు.) 1934లో డాక్టరేటు వచ్చినా, ఫిలడెల్ఫియాలోని ప్రకృతి శాస్త్రాల అకాడమీ ఆమెకు జీతం యిచ్చింది 1945లో. అప్పటిదాకా వూరికే పనిచేసింది. ఆడమనిషిగా ఆమెకు జరిగిన అన్యాయం అది. అన్నేళ్లు జీతం లేకుండా నిలబడటం కలిగిన యింటి పిల్లకే సాధ్యమన్నది కూడా నిజమే.

1948లో ఆమె కొందరు శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకుని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కానెస్టోగా అనే వాగు మీదికి పోయింది. ఆ వాగునూ దానిలో కలిసే పాయలనూ ఎంచుకోవటానికి కారణం, అక్కడ రకరకాల మురికి కలుస్తుండటమే. వొకరు నాచు, వొకరు పురుగులు, వొకరు చేపలు, వొకరు బ్యాక్టీరియా, వొకరు నీటి రసాయనాలు చూశారు. అంతకు ముందు, 1900 తర్వాతి తొలి యేళ్లల్లోనే, కోల్క్‌విట్జ్, మార్సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఫలానా జీవి కనపడితే నీళ్లు యింత మురికి అని పట్టికలు కట్టారు. వొక్కో జీవిని గుర్తుగా పట్టుకుంటే చాలదంది పాట్రిక్. నీళ్లలో వుండే జనం మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవాలంది. వూరి సంగతి తెలుసుకోవటానికి కరణం యింటికి మాత్రమే పోయి వస్తే సరిపోతుందా?

ఆ లెక్కలో తేలింది యిది. మంచి వాగులో రకాలు చాలా వుంటాయి, ఏ వొక్క రకమూ మిగతావాటిని తొక్కి పెరగదు. వాగు చెడేకొద్దీ రకాలు పడిపోతాయి, తట్టుకోగలిగిన వొకటి రెండు రకాలు గుట్టలుగా పెరుగుతాయి. మరీ విషమైతే అవి కూడా మిగలవు. అందుకని నీళ్లలో జీవులు ఎన్ని వున్నాయి అనే ప్రశ్న తప్పుదారి పట్టిస్తుంది, ఎన్ని రకాలున్నాయి అని అడగాలి. మన దగ్గరే చూడండి. కొరమీను కళకళలాడుతుంటే చెరువు బాగుందనుకుంటాం. కొరమీను పైకి వచ్చి గాలి పీల్చి బతకగలదు. నీళ్లలో ప్రాణవాయువు సన్నగిల్లి మిగతా చేపలు చచ్చినా అది వుంటుంది.

1950ల మొదట్లో ఆమె బృందం డయాటోమీటరు అనే పనిముట్టు తయారుచేసింది. పేరు పెద్దదే గానీ, చట్రంలో బిగించిన కొన్ని గాజు పలకలను నీళ్లలో తేలేటట్టు కట్టటమే. రెండు వారాలు వుంచితే డయాటములు పలకల మీద చేరి పెరుగుతాయి. తీసి మైక్రోస్కోపు కింద రకాలు లెక్కబెడతారు. రాత్రి వదిలారా పగలు వదిలారా అనే పేచీ లేదు. రెండు వారాల రాత్రులూ పలక మీద వున్నట్టే.

కానెస్టోగా పనికి డబ్బు కుదిర్చినవాడు వొక చమురు కంపెనీ ఉద్యోగి. 1975లో ఆమె డూపాంట్ రసాయనాల కంపెనీ డైరెక్టర్లలో వొకరయింది. కంపెనీలను వెలుపల నుంచి తిట్టటం కంటే లోపల కూర్చుని మార్చటం మేలని ఆమె నమ్మకం. మాకు ఆ నమ్మకం లేదు. కానీ ఆమె కొలత కంపెనీ సొత్తు కాదు, ఎవరైనా వాడుకోవచ్చు.

నీళ్ల మంచిచెడ్డలు తేల్చే యింకో కొలత మన దేశంలో ఎప్పట్నించో వుంది. అది నీళ్లలోకి చూడదు, ముంచిన చేతిని చూస్తుంది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వెంట పోయిన అంటరానివాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు చెరువులో కుమ్మరించి 'శుద్ధి' చేశారు. ఆ పనిని యీ కొలతతో చూద్దాం. పేడ, పాలు నీళ్లలో పడగానే బ్యాక్టీరియా వాటిని తినటం మొదలుపెడుతుంది. తినటానికి నీళ్లలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటుంది. అట్లా ఎంత ఖర్చవుతుందో చెప్పే అంకెనే బి.వో.డి. అంటారు. పేడతో పాటు కోలిఫామ్ బ్యాక్టీరియా కూడా దిగుతుంది. క్రిమిసంహారం తప్ప వేరే శుద్ధి లేకుండా తాగటానికి వాడే వనరులో ప్రాణవాయువు లీటరుకు 6 మిల్లీగ్రాములకు తగ్గకూడదనీ, బి.వో.డి. 2 మిల్లీగ్రాములు దాటకూడదనీ, 100 మిల్లీలీటర్లలో కోలిఫామ్ 50 మించకూడదనీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. మహద్‌లో ఆ చెరువును మైలపరిచింది ఎవరో యీ మూడు అంకెలు చెబుతాయి.

కారంచేడులో 1985 జూలై 16న జరిగింది కూడా నీటి నాణ్యత గురించిన తగాదాయే. మాదిగలు తాగే చెరువులోకి కమ్మ యువకులు పశువుల మురికి వదులుతుంటే కత్తి చంద్రయ్య వద్దన్నాడు. అతన్ని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త మీదికి పోతే ఆమె బిందె ఎత్తింది. మరునాడు వూరిమీద పడి ఆరుగురు మాదిగలను చంపారు. కారంచేడు మీద చాలా రాశారు, మనమూ రాశాం. ఆ రాతల్లో చెరువు ఎక్కువగా గొడవకు సాకుగానే కనపడుతుంది. పశువు మురికి తాగే నీళ్లలో కలవగూడదని ప్రయోగశాలలో అంటే శాస్త్రం. చెరువు గట్టున మాదిగ అంటే పొగరు!

అంకెలుంటే అన్నీ తేలతాయా అంటే అదీ లేదు. పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల మురికినీళ్లను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చేశారు. శుద్ధయిన ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత వుండదు. వాగుల మీదుగా మంజీరాకూ, అక్కణ్నించి గోదావరికీ పోయే దారి అది. మామూలు పరీక్షల జాబితాలో ఆ మందు పేరు లేదు. పైగా బ్యాక్టీరియాను చంపే మందు నీళ్లలో వుంటే బి.వో.డి. తక్కువగా కూడా చూపించవచ్చు. ప్రాణవాయువు వాడుకోవాల్సిన బ్యాక్టీరియాయే చచ్చిపోతుంది గనక! కాగితం మీద నీళ్లు బాగుపడినట్టే. అట్లాంటి చోట నీళ్లలో ఎవరు మిగిలారు అనే పాట్రిక్ ప్రశ్న లేకుండా పని జరగదు.

మైక్రోస్కోపు లేదు, మేమేం చేస్తాం అని విద్యార్థులు అడుగుతారు. పారే వాగయితే మురికి కలిసే చోటుకు పైన వొక తావు, కింద వొక తావు చూసుకోండి. వొకే రోజు, వొకే లోతులో, అదే రకం రాళ్లు యిక్కడ పదీ అక్కడ పదీ తిరగేయండి. అంటుకుని వున్న పురుగులను తెల్ల పళ్లెంలోకి దులిపి రకాలు విడదీయండి. తోకలా మూడు సన్న పోగులుండే మేఫ్లై పిల్లలు పైన వుండి కింద లేకపోతే, కింద బురదలో ఎర్ర పురుగులు మాత్రమే బుసబుసలాడుతుంటే, తేదీ వేసి రాసుకోండి. నెలనెలా మళ్లీ పోండి. నిలవ నీళ్ల చెరువును మాత్రం వాగుతో పోల్చవద్దు, అట్లాంటి యింకో చెరువుతోనే పోల్చాలి. పోయేటప్పుడు వూళ్లో చేపలు పట్టే ముసలివాళ్లనూ నీరటినీ వెంట తీసుకుపోండి. చాలా వూళ్లల్లో రాత్రంతా తూము కాసి పొలాలకు నీళ్లు పెట్టిన నీరటి మాలవాడే, వూరి బావిలో చేద వేయనివ్వంది కూడా అతన్నే. ముందు ఏ జీవులుండేవి, ఏ యేడాది నుంచి కనపడటం లేదు అని అడిగి, అదే నోటుబుక్కులో రాయండి.