ఇంటి ఫోను వెనక చిన్న పెట్టె

అమెరికాలో ఇంటికి ఇంటర్నెట్ ఫోను పెట్టించుకుందామనుకునే కుటుంబం మొదట అడిగేది నెలకు ఎంత అవుతుందని, ఆ తర్వాత మాట సరిగ్గా వినబడుతుందా అని. గొంతును ఇంటర్నెట్ మీద మోసుకుపోయే విద్య ఇప్పుడు అన్ని కంపెనీలకూ దాదాపు ఒక్కటే. అది కుదురుకొని చాలా ఏళ్లయింది. అసలు తేడాలు ఆ విద్య చుట్టూ అల్లుకున్న విషయాల్లో ఉంటాయి. మోడెమ్ పక్కన పెట్టుకునే అరచేతి పాటి పెట్టెను అడాప్టర్ అంటారు. దాని కథ తెలిస్తే ఆ తేడాలు వాటంతట అవే కనబడతాయి.

1974 నాటికి, ఇంటర్నెట్‌కు తొలి రూపమైన అర్పానెట్ మీద కంప్యూటర్లు అక్షరాలనూ ఫైళ్లనూ పంపుకొనేవి. దాని మీద మనిషి గొంతు కూడా పంపాలని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో డ్యానీ కోహెన్ పూనుకున్నాడు. అడ్డంకి లెక్కలోనే ఎదురైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు గొంతును అంకెల్లోకి మార్చేటప్పుడు సెకనుకు 8,000 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తాయి. అంటే సెకనుకు 64,000 బిట్లు. అర్పానెట్ లైన్ల వేగం సెకనుకు 50,000 బిట్లే. ఎక్స్ఛేంజీ పద్ధతిలో పంపితే ఒక్క మనిషి మాట కూడా ఆ దారిలో పట్టదు.

గొంతును కుదించాలి. ఇక్కడ ఒక భారతీయుడి పేరు చెప్పుకోవాలి. కాన్పూర్‌లో పుట్టి, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పి, 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరిన బిష్ణు అటల్. మాట్లాడే గొంతులో ఒక క్రమం ఉంటుంది. ఈ క్షణంలో వచ్చే ధ్వనిని దాని ముందు క్షణాల ధ్వనుల నుంచి చాలావరకు ఊహించవచ్చు. అలాంటప్పుడు ధ్వని మొత్తాన్నీ పంపనక్కర్లేదు. నోరూ గొంతూ ఏ ఆకారంలో ఉన్నాయో చెప్పే కొద్దిపాటి అంకెలు పంపితే, అవతలి యంత్రం మాటను తిరిగి కట్టుకుంటుంది. అటల్ బెల్ ల్యాబ్స్‌లోనూ, ఫుమితాద ఇటాకురా జపాన్‌లోనూ విడివిడిగా ఈ దారి వేశారు. 1974 ఆగస్టులో కోహెన్ బృందం కాలిఫోర్నియా నుంచి మసాచుసెట్స్‌లోని లింకన్ ల్యాబొరేటరీకి తొలిసారి అర్పానెట్ మీద మాటను పంపింది. అదే ఏడాది డిసెంబరులో అటల్, ఇటాకురాల పద్ధతితో కుదించిన సంభాషణ కూడా నడిచింది. నేటి మొబైల్ ఫోన్లలో గొంతు నడిచే తీరుకు మూలం ఈ ఆలోచనే. మన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ప్రతి ఒక్కరికీ అటల్ పేరు తెలిసి ఉండాలని నా గట్టి కోరిక.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఫైలు పంపేటప్పుడు దారిలో ఒక ముక్క పోతే మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు, ఆలస్యమైనా నష్టం లేదు. మాటకు అలా కుదరదు. ‘అమ్మా’ అన్న మాటలో ‘మ్మా’ అర నిమిషం తర్వాత చేరితే ఎవరికి పనికొస్తుంది? పోయిన ముక్కను వదిలేసి ముందుకు సాగే దారి ఒకటి కావాలని కోహెన్ పట్టుబట్టాడు. 1978లో ఇంటర్నెట్ నియమావళిని రెండు పొరలుగా విడదీయడానికి ఆ పట్టుదల ఒక ముఖ్య కారణం. తిరిగి అడగకుండా ముక్కల్ని విసిరేసుకుంటూ పోయే యూడీపీ అనే పద్ధతి 1980లో ఖరారైంది. ఇవాళ ఇంటర్నెట్ ఫోను మాటలు ఎక్కువగా దాని మీదే ప్రయాణిస్తాయి.

ఇక ముక్కలు ఒకే వేగంతో రావు. ఒకటి ముందొస్తుంది, ఒకటి వెనకపడుతుంది. మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో మేడ మీద ట్యాంకు కట్టుకున్నట్టు, అడాప్టర్ కొద్దిపాటి మాటను నిలవ ఉంచుకొని సమంగా వదులుతుంది. నిలవ మరీ పెరిగితే మాటకూ జవాబుకూ మధ్య ఎడం వచ్చి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్లు దాటకపోతే చాలా సంభాషణలకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంఘం చెబుతుంది.

1995లో ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ ఇంటర్నెట్ ఫోన్ పేరుతో సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టింది. దానికి కంప్యూటరూ మైకూ కావాలి, అవతలి మనిషి కూడా కంప్యూటర్ ముందు కూర్చుని ఉండాలి. వంటింటి గోడకున్న ఫోను ఎత్తి నంబరు నొక్కాలంటే మధ్యలో మరో యంత్రం అవసరం. ఫోనుకు కరెంటు ఇవ్వడం, డయల్ టోన్ వినిపించడం, గంట మోగించడం, నొక్కిన అంకెల్ని గుర్తుపట్టడం, గొంతును ముక్కలు చేసి పంపడం అన్నీ అదే చేయాలి. ఊరి ఎక్స్ఛేంజీ చేసే చాకిరీ అంతా అరచేతిలో ఇమడాలి. జాన్ ఫాండ్రియాంటో స్థాపించిన కొమోడో టెక్నాలజీ అలాంటి పెట్టెను చేసింది. 2000లో సిస్కో ఆ కంపెనీని కొంది. అందులోంచి వచ్చిన ఏటీఏ 186 పెట్టెలనే ఇంటర్నెట్ ఫోను కంపెనీ వోనేజ్ తన తొలి ఖాతాదారులకు పంపింది. ఫాండ్రియాంటో తర్వాత సిపురా కంపెనీ పెట్టాడు, 2005లో అదీ సిస్కో చేతికే వెళ్లింది. ఆ పైన ఒబిహై పెట్టి ఒబి పెట్టెలు తెచ్చాడు. ఒకే మనిషి పనితనం ఇన్ని కంపెనీల పేర్లతో ఇళ్లలోకి చేరింది.

ఈ పెట్టెలు ఎక్కువగా మాట్లాడే భాష సిప్. 1999లో ప్రమాణంగా వచ్చింది. పెట్టె తన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పి కంపెనీ సర్వర్ దగ్గర హాజరు వేయించుకుంటుంది. కాల్ వస్తే సర్వర్ దాన్ని వెతికి గంట మోగిస్తుంది. సిప్ అందరిదీ గనక తాళం లేని పెట్టెను ఏ కంపెనీతోనైనా కలపవచ్చు. కానీ వోనేజ్, ఊమా వంటివి తమ సేవకే కట్టుబడిన పెట్టెను ఇస్తాయి. తీగలు తగిలిస్తే ఫోను పలుకుతుంది, సెట్టింగుల బెడద లేదు. కంపెనీ మారిన రోజున మాత్రం ఆ పెట్టె చాలావరకు పనికిరాదు. వాయిప్.ఎంఎస్, కాల్‌సెంట్రిక్ వంటివి మీ పెట్టెనే వాడుకోనిస్తాయి, కాల్ చేసిన నిమిషాలకే డబ్బు కట్టే వీలూ ఉంది. గూగుల్ వాయిస్‌లో అమెరికా లోపలి కాల్స్ దాదాపు అన్నీ ఉచితం, కానీ వ్యక్తిగత ఖాతా నుంచి 911 అత్యవసర కాల్ వెళ్లదు. పైగా 2018లో గూగుల్ తన పాత పద్ధతిని ఆపేయడంతో పాత ఒబి 100, 110 పెట్టెలకు ఆ సేవతో బంధం తెగిపోయింది.

నా మాట అడిగితే, ఇంట్లో పెద్దవాళ్లో పిల్లలో ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఫోనెత్తి సాయం చేసే కంపెనీ మంచిది. సెట్టింగులు చూసుకోగల ఓపిక ఉన్నవారికి తాళం లేని పెట్టే మేలు. స్పష్టత కోసం కంపెనీలు మార్చడం మాత్రం ఎక్కువసార్లు వృథా. కుదించకపోయినా, సెకనుకు 50 ముక్కల చొప్పున చిరునామాల బరువుతో సహా ఒక కాల్‌కు ఒక్కో దిశలో పట్టేది 80,000 బిట్లే. 100 మెగాబిట్ల లైనులో అది వెయ్యో వంతు కూడా కాదు. మాట తెగడానికి కారణం తరచు ఇంట్లోనే ఉంటుంది: ఎవరో పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటారు, రౌటర్‌లో గొంతు ముక్కలు ఆ క్యూలో వెనక చిక్కుకుంటాయి. మాటకు ముందు దారి ఇవ్వమని రౌటర్‌లో పెట్టుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఈ పెట్టెతో అనుబంధం ఉంది. 2009లో వోనేజ్, నెలకు ఒకే రుసుముతో 60కి పైగా దేశాలకు మాట్లాడుకునే పథకం తెచ్చింది. అందులో భారతదేశపు ల్యాండ్‌లైన్లే కాదు, మొబైళ్లూ ఉన్నాయి. కాలింగ్ కార్డుల మీద నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడిన వాళ్లకు అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. 2015 తర్వాత వాట్సాప్ కాల్స్ ఆ అవసరాన్ని చాలావరకు తీర్చేశాయి. అయినా బడికీ డాక్టరుకూ ఇచ్చిన పాత నంబరు, మొబైల్ లేని పిల్లలు, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు, ఇలా ఇంటి ఫోనుకు పని మిగిలే ఉంది. ఇటు భారతదేశంలో ఫైబర్ ఇంటర్నెట్‌తో వచ్చే పెట్టెల్లో వెనక ఫోను రంధ్రం ఉండటం ఇప్పుడు మామూలే. మామూలు ఫోను కొని అందులో గుచ్చితే ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

పాత రాగి తీగ ఒక ఉపకారం చేసేది. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు తీగ వెంటే వచ్చేది, ఊళ్లో కరెంటు పోయినా ఫోను మోగేది. అడాప్టర్‌కూ మోడెమ్‌కూ ఆ భాగ్యం లేదు. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2015లో, ఖాతాదారు కోరితే డబ్బు తీసుకుని 8 గంటలకు సరిపడే బ్యాటరీ ఏర్పాటు ఇవ్వాలని సొంత లైన్ల మీద ఇంటి ఫోను ఇచ్చే కంపెనీలకు నియమం పెట్టింది, 2019 నుంచి 24 గంటల ఏర్పాటు కూడా. అడగనివారికి అది రాలేదు, 2025 సెప్టెంబరులో ఆ నియమానికే గడువు తీరింది. నంబరు విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. 2007లో కమిషన్ ఇచ్చిన ఉత్తర్వుతో ఇంటర్నెట్ ఫోను కంపెనీలకూ నంబరు బదిలీ తప్పనిసరైంది. అయితే బదిలీ పూర్తయ్యేలోపు పాత లైను రద్దు చేస్తే నంబరు చేజారిపోవచ్చు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది 911. రాగి తీగ ఏ ఇంటిదో ఎక్స్ఛేంజీకి తెలుసు. ఇంటర్నెట్ పెట్టెను ఏ ఊరికి పట్టుకెళ్లినా పనిచేస్తుంది, అది ఎక్కడుందో కంపెనీకి తెలియదు. 2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో దొంగలు ఇంట్లో చొరబడి తల్లిదండ్రుల్ని కాల్చినప్పుడు కూతురు వోనేజ్ ఫోనులో 911 నొక్కితే, ఈ ఫోనులో ఆ సేవ లేదన్న రికార్డు మాట వినబడింది. తర్వాతి నెల టెక్సాస్ ప్రభుత్వం వోనేజ్‌పై దావా వేసింది. అదే ఏడాది మే నెలలో కమిషన్, ఇలాంటి ప్రతి కంపెనీ ఖాతాదారు చిరునామా తీసుకుని 911 కాల్‌ను ఆ ప్రాంతపు కేంద్రానికి చేర్చాలని ఆదేశించింది. అయితే ఆ చిరునామా మనం రాసి ఇచ్చినదే. ఇల్లు మారి దాన్ని మార్చకపోతే అంబులెన్సు పాత గుమ్మం ముందు ఆగుతుంది. చాలా కంపెనీల్లో 933 నొక్కితే తమ దగ్గర నమోదైన చిరునామాను చదివి వినిపిస్తారు. పెట్టె తగిలించిన రోజున ఊళ్లో అమ్మకు ఫోను చేసే ముందే ఆ నంబరు నొక్కి, అపార్ట్‌మెంట్ నంబరు కూడా సరిగ్గా ఉందో లేదో వినండి.