ముక్కాలిపీట చేసికొనుట

పాలు పిదుకునపుడు గొంతుకూర్చుండుట మన పల్లెలలో తరతరములనుండి వచ్చుచున్న వాడుక. పడుచువారికి దానివలన కష్టము తోచదు. ఏబదియేండ్లు దాటిన మోకాళ్లకు మాత్రము ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, రెండు మూడు పాడిపశువులయొద్ద అట్లు కూర్చుండి లేచుట చిన్నపని కాదు. పాడిపని చాలయిండ్లలో స్త్రీలదే. వారిలో పెద్దవారు నేల చేయి ఆనించిగాని లేవలేకుండుట మనమందరమును చూచుచున్నదే. అంగడిలో ప్లాస్టిక్ పీటలు దొరకుచున్నవి గాని, గుంటలుపడిన పాకనేలపై అవి నాలుగుకాళ్లును ఆనించి నిలువవు. ఎండలోనుండి పెళుసెక్కి యొకనాడు కూర్చున్నవారితోగూడ విరుగును. కావున ఇంటనున్న కొయ్యతో, నాలుగైదు పనిముట్లతో, రైతు తానే చేసికొనదగిన ముక్కాలిపీటనుగూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

మూడుకాళ్లే యేల యని కొందరడుగవచ్చును. పశువుల గిట్టలు త్రొక్కిన నేల ఎన్నడును చదునుగానుండదు. అట్టి నేలపై నాలుగుకాళ్ల పీట మూడుకాళ్లమీదనే నిలిచి, నాలుగవ కాలు గాలిలోనుండి, కూర్చున్నవారిని అటునిటు ఊపుచుండును. మూడుకాళ్లు మాత్రము ఎంత మిట్టపల్లమునందైనను ఒక్కసారిగా నేల నానును. మన పెద్దలు పొయ్యికి మూడు రాళ్లు పెట్టినది ఇందుకే.

అయితే ఈ పీటకు ఒక లోపమును గలదు. దానిని దాచిపెట్టి చేయుమనుట న్యాయము కాదు. పీట నడుమనుండి కాళ్ల అడుగులు 7 అంగుళముల దూరమున నున్నవనుకొందము. రెండుకాళ్లకు నడుమనున్న ప్రక్కకు బరువు మూడున్నర అంగుళములు దాటి జరిగినచో ముక్కాలిపీట ఒరిగిపోవును. నాలుగుకాళ్ల పీటయైనచో దాదాపు 5 అంగుళములవరకు ఓర్చును. కాబట్టి కాళ్లు నిట్టనిలువుగా పెట్టరాదు. బయటికి వాలి, వాని అడుగులు పీటయంచును దాటి యుండవలెను. దీనిపై నిలువబడి అటకపైని వస్తువు లందుకొనుట, పిల్లలను ఎక్కనిచ్చుట బొత్తిగా కూడదు. పిదుకువారు కూర్చుండునపుడు ఒంటికాలు వెనుకకును, జంటకాళ్లు ముందునకును ఉండునట్లు పీటను వేసికొనవలెను. ముందుప్రక్కకు మన పాదములే ఆసరా. పశువు తన్నబోయినపుడు మనము తూలునది వెనుకకే గదా.

ఇక కొయ్య సంగతి. ఇంత చిన్న వస్తువునకు చెట్టు నరకనక్కరలేదు. గాలివానకు విరిగిన కొమ్మయైనను, పాతబండి విప్పగా మిగిలిన చెక్కయైనను చాలును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చెట్లు నరుకుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమునుబట్టి అనుమతి కావలసియుండును. జాతినిబట్టి మినహాయింపులు గలవు. పీటపలకకు వేప మంచిది. కాళ్లకు నల్లతుమ్మ చేవను మించినది మన మెట్టపొలములలో అరుదు. చింత గట్టిదే గాని ఉలికి లొంగదు. క్రొత్తవారికి విసుగు పుట్టించును. మామిడి సులభముగా తెగును, కాని పురుగు త్వరగా పట్టును. ఏ కొయ్యనైనను బెరడు క్రింది తెల్లచెక్క పుచ్చుటకు మొదటిది. అది విడిచి లోపలి చేవనే తీసికొనవలెను.

చాలమంది చేయు పొరపాటొకటి యిక్కడ చెప్పవలెను. మానును అడ్డముగా కోసి, గుండ్రని బిళ్లను తీసి, అదియే పీటపలక యనుకొందురు. చూచుటకు అందముగానే యుండును. ఆరిన కొలది అది నడుమనుండి బెరడువరకు పగులును. కొయ్య ఆరునపుడు నిడివిలో దాదాపు తగ్గదు, అడ్డముగా తగ్గును, అందును వలయముల చుట్టు తగ్గినంతగా నడుమనుండి బెరడువైపునకు తగ్గదు. ఈ వ్యత్యాసమే బిళ్లను చీల్చును. కనుక పలకను మాను నిడివినుండియే, మాను నడిబొడ్డు తగులకుండ, కోసికొనవలెను.

కోసిన పలక చివరలకు పేడయు మన్నును కలిపి మెత్తి, నీడలో, గాలి తగులునట్లు పుల్లలమీద పేర్చవలెను. వైశాఖమాసపు వడగాలికి విడిచినచో చివరలు పగులును. ఎన్నాళ్లకు ఆరునని లెక్కపెట్టుటకంటె తూకము వేయుట మేలు. వారమునకొకసారి కాటాపై పెట్టి చూడుడు. తూకము తగ్గుట మానిననాడు కొయ్య ఆరినట్లే. కాళ్ల కొయ్యను మాత్రము అంతకంటెను ఎక్కువగా ఆర్పవలెను. పొయ్యిపైనున్న అటకమీద ఒకవారముంచినచో చాలును. ఇట్లేలనగా, బాగుగా ఎండిన కాలు బెజ్జములో దిగినతరువాత గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బి, బిగిసికొనును. పచ్చికాలును బిగించినవారు రెండునెలలకే అది ఊడివచ్చుట చూతురు.

కావలసిన పనిముట్లు గొడ్డలి, బాడిత, రంపము, ఉలి, కొయ్యసుత్తి, అంగుళపు బర్మా. బర్మా లేనివారు చిన్న రంధ్రములు వలయముగా వేసి, నడిమి భాగమును ఉలితో తొలిచికొనవచ్చును. పని మందగించునేగాని చెడదు.

పలక 2 అంగుళముల మందము, ఒక అడుగు వెడల్పుండవలెను. నడుమ ఒక చీల గొట్టి, దానికి దారము కట్టి, 6 అంగుళముల దూరమున బొగ్గుతో సున్న చుట్టి, ఆ గీతవెంట రంపముతోను బాడితతోను గుండ్రముగా చెక్కవలెను. తరువాత అడుగుప్రక్కను అదే చీలనుండి 4 అంగుళముల దూరమున మరియొక సున్న చుట్టవలెను. ఆ దారమును అంతే పొడవుగా పట్టుకొని ఈ సున్నపై అడుగులు వేసినచో సరిగా ఆరు గుర్తులు వచ్చును. ఒకటి విడిచి యొకటి తీసికొన్నచో మూడు బెజ్జముల తావులు దొరకును. వేరు లెక్క అవసరములేదు.

మొదటి గుర్తు ఎక్కడ పెట్టవలెననుదానియందే పీటయొక్క ఆయువున్నది. కొయ్యపోగు ఏ దిక్కున పోవుచున్నదో చూచి, నడుమనుండి ఆ పోగువెంట పోయిన గీతపై మొదటి గుర్తుంచవలెను. అప్పుడు మూడు బెజ్జములును మూడు వేరువేరు పోగులపై పడును. అట్లుగాక పోగునకు అడ్డముగా మొదటి గుర్తు పెట్టినచో, మిగిలిన రెండు బెజ్జములు ఒకే పోగుమీద పడి, కాళ్లు బిగించునపుడో, బరువైనవారు కూర్చున్నపుడో పలక ఆ వరుసన రెండుగా చీలును. పలకను చేతబట్టుకొని ఈ మాటను మరల చదువుకొనవలెనని మా మనవి.

కాళ్లవాలు 10 అంగుళముల యెత్తునకు 3 అంగుళములుండవలెను. ఈ కొలతకు ఒక పలుచని చెక్కను ఏటవాలుగా కోసి దగ్గర నుంచుకొనుడు. పలకను బోర్లించి, బర్మాను గుర్తుపై పెట్టి, దాని పిడిని నడుమనుండి బయటికి వాల్చి, ఈ చెక్కవాలునకు సరిపోల్చుకొనుచు త్రిప్పవలెను. మూడింటికిని వాలు ఒక్కటే కావలెను. బర్మామొన ఆవలిప్రక్కను సూదివలె కనబడగానే ఆపి, పలకను త్రిప్పి, ఆ చుక్కనుండి మిగిలినది తొలువవలెను. ఒకేప్రక్కనుండి తొలుచుకొనిపోయినచో పైభాగమున పెచ్చులూడును.

కాళ్లను రంపముతో కోయుటకంటె గొడ్డలితో చీల్చుట మంచిది. గొడ్డలి పోగువెంటనే పోవును గనుక, చీల్చిన కాలికి ఆ కొననుండి ఈ కొనవరకు బలముండును. రంపము పోగును తెంచును. ఒక్కొక్క కాలు 14 అంగుళముల పొడవు, ఒకటిన్నర అంగుళముల లావు చాలును. పైకొనను రెండున్నర అంగుళములమేర అంగుళపు లావునకు గుండ్రముగా చెక్కి, పనికిరాని చెక్కలో అదే బర్మాతో వేసిన బెజ్జమున దూర్చి చూడుడు. చేతితో సగముదిగి, సుత్తిదెబ్బకు మిగిలినది దిగవలెను. వదులైన కాలిని మేకు కాపాడునని నమ్మరాదు.

బిగించుటకుముందు కాలి పైకొనను నడిమికి ఒకటిన్నర అంగుళముల లోతున రంపముతో కోయవలెను. కాలు బెజ్జమునుండి పైకి వచ్చినపిదప ఆ కోతలో తుమ్మచేవతో చేసిన పలుచని మేకును కొట్టవలెను. కోత పలకపోగునకు అడ్డముగా నిలుచునట్లు కాలిని త్రిప్పి పెట్టుటను మరువరాదు. అప్పుడు మేకు ఒత్తిడి పోగువెంట పోవును, పలక ఓర్చుకొనును. కోత పోగువెంట నున్నచో ఆ మేకే గొడ్డలివలె పనిచేసి పలకను చీల్చును. మేకు దిగుచున్నకొలది సుత్తిచప్పుడు మారును. మ్రోత గట్టిపడగానే ఆపుడు. పైకి పొడుచుకొనివచ్చిన కొనను మరునాడు రంపముతో కోసి, ఉలితో సమము చేయవచ్చును.

ఇప్పుడు పీట నిలుచును గాని వాలియుండవచ్చును. చదునైన బండపై దానిని నిలిపి, పైన నీళ్ల పళ్లెము పెట్టినచో ఏ ప్రక్క ఎత్తో తెలియును. పల్లపు కాలిక్రింద పుల్లలు పెట్టి సమము చేసి, ఒక చెక్కముక్కపై బొగ్గునుంచి, దానిని బండమీద జరుపుచు మూడుకాళ్లచుట్టును గీత గీసి, ఆ గీతలవెంట కోయవలెను. పీట ఎత్తు అడుగు వచ్చిన చాలును. పొట్టివారు రెండంగుళములు తగ్గించుకొనవచ్చును. కాళ్ల అడుగంచులను కొంచెము గుండ్రముగా చేసినచో పెచ్చులు లేవవు.

నునుపునకు ఉప్పుకాగితమైనను, పగిలిన గాజుముక్కయంచైనను పనికివచ్చును. అవిసెనూనె పలుచగా రెండుమారులు రాచి ఆరనీయవలెను. ఆముదము ఆరదు, దుమ్మును పట్టి జిగురగును. కాళ్ల అడుగుకొనలకు నూనె ఇంకునంతవరకు పట్టించవలెను, ఏలయన పాకలోని తడియు మూత్రమును అక్కడనుండియే పైకి ప్రాకును. పని కాగానే పీటను గుంజకు తగిలించినచో రెట్టింపుకాలము మన్నును.

ఇట్లు చెప్పుట వడ్రంగికి పని తప్పించుటకు కాదు. నాగలి, బండి, తలుపు అతనివే. మొదటి బెజ్జమును అతనిచేత వేయించుకొని, వాలు ఎట్లు పట్టునో చూచి, తగిన కూలి యిచ్చిన రైతునకు రెండవ పీట తేలికగా వచ్చును. పై పనిముట్లలో ఇంటింట లేనిది బర్మాయొక్కటే. ఏడాదికొకసారి పనికివచ్చు వస్తువును ప్రతియిల్లును కొననేల? సంఘము పక్షమున ఒకటి కొని, పేరు వ్రాసికొని సభ్యులకు మూడేసి దినములకిచ్చు ఏర్పాటు ఏ గ్రామసంఘమైనను చేయవచ్చును. తీసికొన్నవారు మొన పదునుపెట్టి, నూనె తుడిచి, తడి తగులకుండ తిరిగి యీయవలెను.