పదహారా? పదిహేడా? పద్దెనిమిదా?

పాత బుల్లెట్ మోటారు సైకిలు వున్నవారిని పీడించే సందేహం రంగును గురించీ కాదు, సైలెన్సరు మోతను గురించీ కాదు. పళ్ళను గురించి. నోటిలోని పళ్ళు కావు సుమండీ! గేరుబాక్సు పక్కన వుండి వెనుక చక్రపు గొలుసును లాగే చిన్న స్ప్రాకెట్టు పళ్ళు.

మా నాన్నగారి హయాం నాటి 350 బుల్లెట్టు మా యింట్లో వున్నది. ఇనుప సిలిండరు ఇంజను. ప్రతి శనివారం ఏలూరు నుంచి రాజమహేంద్రవరం దాకా సుమారు వంద కిలోమీటర్లు దానిమీదే పోతాను. తరచు మా ఆవిడ కూడా వస్తుంది. నాలుగు బాటల రహదారి మీద మరీ మెల్లగా పోతే వెనుకనుంచి లారీలు తరుముకొస్తాయి. వేగం పెంచితే తణుకు చేరేసరికి చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇంజను నలగకుండా, లారీలకు అడ్డం కాకుండా పోవడం యెట్లాగన్నదే నా సమస్య.

ఛందస్సు పాఠం చెప్పుకునేవాడికి లెక్క కొత్త కాదు గనుక కాగితం, పెన్సిలు తీశాను. ఇంజను మీది స్ప్రాకెట్టుకు 25 పళ్ళు, క్లచ్చికి 56. గేరుబాక్సు చిన్న స్ప్రాకెట్టుకు 16, వెనుక చక్రానికి 38. నాలుగో గేరులో గేరుబాక్సు యేమీ కలపదు, యేమీ తీయదు. అంతా గుణిస్తే 5.32. అంటే ఇంజను అయిదుంబావు సార్లకు కాస్త పైగా తిరిగితేనే వెనుక చక్రం ఒక్కసారి తిరుగుతుందన్నమాట. 19 అంగుళాల చక్రానికి 3.25 టైరు వేస్తే ఒక చుట్టుకు రమారమి 2 మీటర్ల 3 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ లెక్కన గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 3,500 సార్లు తిరగాలి. 17 పళ్ళది వేస్తే 3,290. 18 వేస్తే 3,100.

ఈ తేడా చూడడానికి స్వల్పమే. కాని యీ ఇంజను పిస్టను 90 మిల్లీమీటర్లు కిందికీ పైకీ పోతుంది; సిలిండరు వెడల్పు 70 మాత్రమే. పొడుగాటి అడుగులు వేసే మనిషిని పరుగెత్తించినట్లే. పిస్టను విసురు తిరుగుడు వేగానికి వర్గంలో పెరుగుతుంది. కనుక 16 తీసి 18 వేస్తే తిరుగుడు తగ్గేది నూటికి 11 పాళ్ళే అయినా, విసురు అయిదో వంతు తగ్గుతుంది. చేతుల తిమ్మిరికి మందు అక్కడున్నది.

"పద్దెనిమిది వేయించేయండి మాస్టారూ, బండి తేలిపోద్దండి" అన్నాడు మా మెకానిక్కు.

"తేలడానికి అదేం పడవటయ్యా? వెనకాల మీ అమ్మగారు, సంచీ, పైగా సిద్ధాంతం వంతెన మీద గోదావరి గాలీ వుంటాయి గదా!"

అతను తల గోక్కుని, "అయితే పదిహేడు చాలండి" అన్నాడు.

అతని మాటలో వున్న కీలకం యిది. తిరుగుడు యెంత తగ్గితే చక్రం దగ్గర లాగే బలమూ అంత తగ్గుతుంది. ఇంజనుకున్నదే 18 గుర్రాల శక్తి. అదీ 5,625 తిరుగుళ్ళ దగ్గర. 16 పళ్ళతో నాలుగో గేరులో యీడ్చుకుపోయే ఎదురుగాలిలో, 18 వేసినవాడు మూడుకు దిగవలసి రావచ్చు. మూడో గేరు 1.36. అదే 80 వేగం వుంచాలంటే అప్పుడు ఇంజను 4,200 సార్లు మొత్తుకుంటుంది! సుఖం కోసం వేసిన పళ్ళు అసలుకే మోసం తెస్తాయి. మొదటి గేరు కూడా బరువెక్కుతుంది గనుక, రైలు గేటు దగ్గర జనం మధ్య నెమ్మదిగా కదలాలంటే క్లచ్చిని సగం పట్టుకుని కాల్చుకోవడమే. శ్రీశైలం ఘాటు సంగతి చెప్పనే అక్కరలేదు.

అందుచేత 17 వేయించాను. పైగా గంటకు 75 లో పోతే ఇంజను 3,080 సార్లే తిరుగుతుంది, అంటే 18 వేసి 80 లో పోయినంత. ఆ అయిదు కిలోమీటర్లు వదులుకోవడానికి కానీ ఖర్చు లేదు. డ్రమ్ము బ్రేకుల బండికి అంతకు మించిన తొందర దేనికి? బేసి సంఖ్య వల్ల మరొక మేలున్నది. గొలుసు లింకులు సరిసంఖ్య గనుక, ప్రతి పన్నుకూ లోపలి లింకూ బయటి లింకూ మార్చి మార్చి తగిలి అరుగుదల సమంగా పంచుకుంటాయి.

ఒంటరిగా, బల్లపరుపు రోడ్డు మీద, సామాను లేకుండా పోయేవారికి 18 పనికిరాదని నేననను. అయితే పని తేలికనుకోకండి. వెనుక స్ప్రాకెట్టు బ్రేకు డ్రమ్ముతో కలిసి ఒకటే ముక్క; దాని జోలికి పోవడం దండుగ. ముందుది మార్చాలంటే ఎడమవైపు మూత విప్పి, నూనె వంపి, క్లచ్చి వూడదీయాలి. అది దాని వెనకాల దాక్కున్నది. ఎలాగూ విప్పారు గనుక క్లచ్చి ప్లేట్లు, అక్కడి ఆయిలు సీలు కూడా చూపించండి. అరిగిన పాత గొలుసును కొత్త పళ్ళమీద వేయనివ్వకండి. 18 వేయదలచినవారు గొలుసు పొడవు చాలుతుందో లేదో ముందే కొలిపించుకోవాలి. చాలకపోతే ఇంకాస్త పొడవుది తెచ్చుకున్న తరువాతనే బండిని విప్పించడం మంచిది.